ఇసుకలో దిగబడే ఏటీవీని దారికి తెచ్చాను – నా అనుభవం

కవిటి దగ్గర మా తోటలో కొబ్బరికాయలు మోయడానికి పాత ఏటీవీ (లావు టైర్లతో ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి) ఒకటి కొన్నాను. ఉద్దానం ఇసుకలో నాలుగడుగులు వెళ్లేసరికి వెనక చక్రాలు దిగబడిపోయేవి. ఎంత టెన్షన్ పడ్డానో!

తప్పు గాలిదే. బైకుకి కొట్టినట్టు 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించేశాను. టైరు పక్కన చూస్తే 5 అని ఉంది. అంత గాలికి టైరు పగిలినా పగిలేదే. బంకులోని గేజీ అంత తక్కువ సరిగ్గా చూపదు, అందుకని తక్కువ ప్రెషర్ చూపే చిన్న గేజీ కొన్నాను. గాలి తగ్గించాక టైరు కిందిభాగం వెడల్పుగా పరుచుకుని బండి ఇసుక మీద తేలుతున్నట్టే పోయింది.

తర్వాత ఇంజిన్ పట్టేసినట్టు అయి బండి సరిగ్గా లాగేది కాదు. కార్బురేటర్ (ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే భాగం) మార్చాలన్నారు ఒకరు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పాను. స్పాంజి నిండా పిండిలాంటి ఇసుక! సర్ఫు నీళ్లలో మెల్లగా పిసికి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, కాస్త ఇంజిన్ ఆయిల్ పట్టించి, అరచేతుల మధ్య నొక్కి మిగులు తీసేశాను. మెలిపెడితే చిరుగుతుంది, పెట్రోలు జోలికి అసలు పోవద్దు.

పాత లారీ ట్యూబు కోసి, వాషర్లు వేసి మడ్‌ఫ్లాపులు కూడా బిగించాను. ఇప్పుడు బురద వీపు మీద పడట్లేదు.