ఇంట్లోకి చిన్న జాతి కుక్కపిల్ల కావాలా? నమ్మకమైన బ్రీడర్‌ని ఇలా ఎంచుకోండి

తెలిసినవాళ్ళు ఎవరు కుక్కపిల్లని తెచ్చుకోవాలన్నా నన్ను తోడు రమ్మంటారు, అలా ఇప్పటికి చాలా ఇళ్ళు తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా జరిగేది ఒకటే. గుప్పెడంత పిల్లని ఒళ్ళో పెట్టగానే అడగాలనుకున్నవన్నీ మర్చిపోతారు, ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెడతారు. ఇక బ్రీడర్, అంటే కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మే మనిషి, ఏం చెప్తే అదే నిజం. అందుకే కింద చెప్పిన వరసలోనే వెళ్ళండి, ముందుది వెనక్కి చేయొద్దు.

1. జాతి తేల్చుకోండి

దీనికి ఒక సాయంత్రం చాలు. మీకు నచ్చిన జాతిలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఏంటో మాత్రం తెలుసుకుని వెళ్ళండి. పొమెరేనియన్, చివావా, యార్కీ (యార్క్‌షైర్ టెర్రియర్)ల్లో మోకాలి చిప్ప పక్కకి జారిపోతుంటుంది, కావలియర్ కింగ్ చార్లెస్‌కి గుండె వాల్వ్ సమస్య, డాక్స్‌హండ్‌కి వెన్ను డిస్కులు జారడం, పగ్‌కి ఊపిరి ఆడకపోవడం. "టీకప్" అనే జాతి ఎక్కడా లేదండి, మరీ చిన్నగా పుట్టిన పిల్లలకి పెట్టిన అమ్మకం పేరు అది. ఆ మాట వాడిన బ్రీడర్‌ని నేనైతే అక్కడే వదిలేస్తా.

2. ఫోన్ చేయండి, మెసేజ్ కాదు

మెసేజ్‌లో ఆలోచించుకుని అందంగా రాస్తారు, ఫోన్‌లో తడబాటు తెలిసిపోతుంది. తల్లి వయసెంత, ఇది ఎన్నో కాన్పు, తల్లిదండ్రులకి ఏ టెస్టులు చేయించారు, ఈ మూడూ అడగండి. మొదటిసారి ఎదకొచ్చినప్పుడే మేటింగ్ చేయించామంటే వద్దు. ఏ జాతి అడిగినా "ఉంది సార్" అంటున్నారంటే వాళ్ళు పెంచేవాళ్ళు కాదు, ఎక్కడెక్కడివో తెచ్చి అమ్మేవాళ్ళు. మంచి బ్రీడర్ మిమ్మల్నే ఎక్కువ అడుగుతాడు, ఇంట్లో పగలు ఎవరుంటారు, మీ పిల్లల వయసెంత, ఊరెళ్తే కుక్కని ఎవరు చూస్తారు అని. విసుక్కోకండి, ఆ ప్రశ్నలు రాకపోతేనే భయపడాలి.

3. తల్లిని చూడండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

"తల్లిని చూపించారా?" అని అడిగితే అందరూ "చూపించారు" అనే అంటారు. నాకూ చూపించారు. నా మొదటి కుక్కపిల్లని తెచ్చుకున్న రోజు, వెళ్ళి కూర్చున్నాక లోపల గదిలోంచి ఒక కుక్కని ఎత్తుకొచ్చి పిల్లల మధ్య దింపారు. పిల్లలు ఆశగా పొట్ట కిందకి దూరాయి, అది పళ్ళు చూపించి గుర్రుమని గోడవైపు జరిగిపోయింది. "కొత్తవాళ్ళని చూసి బెదిరిందండి" అన్నారు, నమ్మాను. ఎనిమిది వారాల పిల్లన్నారు. మర్నాడు వెట్ (పశువైద్యుడు) దాని నోరు తెరిచి చూస్తే వెనక పాల పళ్ళే రాలేదు, ఐదు వారాలు కూడా దాటి ఉండదన్నారు. ఆ రాత్రికే షుగర్ పడిపోయి ఒళ్ళంతా మెత్తబడిపోయింది, చిగుళ్ళకి తేనె రాసి పరిగెత్తాం. బతికింది. కానీ తోబుట్టువులతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకునే వయసు దానికి దక్కలేదు, మూడేళ్ళొచ్చినా ఆటలో చేయి రక్తం వచ్చేలా పట్టేసేది.

అప్పట్నుంచి నేను చూసేవి ఇవి. తల్లి మనం వెళ్ళేసరికే పిల్లలతో ఉండాలి, తెచ్చి చూపించకూడదు. పాలిస్తున్న తల్లికి పొట్ట కింద చన్నులు సాగి ఉంటాయి, చుట్టూ పిల్లల గోళ్ళ గీతలు కూడా కనిపిస్తాయి. పొట్ట బిగుతుగా, చదునుగా ఉంటే అది ఆ పిల్లల తల్లి కాదనే అనుకోండి. ఒక విషయం గుర్తుంచుకోండి, పిల్లలకి ఆరేడు వారాలొచ్చాక తల్లి పాలు మాన్పిస్తూ కాస్త విసుక్కోవడం మామూలే, విదిలించుకుని లేచిపోతుంది కూడా. అయినా ఒక పిల్లని ఎత్తి దూరంగా పెట్టి అది కుయ్యిమనేలా చేయండి, తల్లి చెవులు అటు తిరుగుతాయి, లేచొచ్చి వాసన చూస్తుంది. తల్లి కానిది చాలాసార్లు పట్టించుకోదు.

తల్లి స్వభావం కూడా చూడండి. మీ చేయి చూసి మూలకి నక్కుతుంటే, ఆ బెరుకు రక్తంలోనూ వస్తుంది, చూసి నేర్చుకోవడంలోనూ వస్తుంది. మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల మధ్యే కుక్కపిల్ల లోకాన్ని నమ్మాలా వద్దా తేల్చుకునేది, అందులో సగానికి పైగా బ్రీడర్ ఇంట్లోనే గడిచిపోతుంది. అందుకే మిక్సీ చప్పుడు, మనుషుల రాకపోకలు ఉన్న హాల్లో పెరిగిన పిల్లే కావాలి, వెనక షెడ్డులో పెరిగింది వద్దు.

"మీకెందుకండీ శ్రమ, మేమే సగం దారిలో తెచ్చిస్తాం" అంటే ఫోన్ పెట్టేయండి. దీనికి మినహాయింపు లేదు.

కొందరు పిల్ల స్వభావం తెలుసుకోవడానికి వెల్లకిలా పడుకోబెట్టి, తాళాలు గలగలలాడించి టెస్టులు చేస్తుంటారు. ఆ పది నిమిషాల్లో నిద్రలో ఉన్న పిల్ల మందకొడిగా, ఆకలితో ఉన్నది చురుగ్గా కనిపిస్తుంది, అంతే. అరగంట తల్లి పక్కన కూర్చుంటే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

4. కాగితాలు

కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇచ్చే పేపర్ వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు. వ్యాక్సిన్ కార్డులో సీసా స్టిక్కర్, తేదీ, వెట్ సంతకం మూడూ ఉండాలి. మొదటి డోసు 6 నుంచి 8 వారాల మధ్య వేస్తారు, కాబట్టి "అన్ని డోసులూ అయిపోయాయి" అంటూ 8 వారాల పిల్లని చూపిస్తే అబద్ధం. పిల్ల పెద్దయ్యాక జబ్బు బయటపడితే వెనక్కి తీసుకుంటారా అనేది నోటిమాటగా కాదు, రాయించుకోండి.

5. ఆ రోజే తెచ్చేయొద్దు

రెండోసారి చెప్పకుండా వెళ్ళలేం కదా, వేరే పూట వెళ్ళండి, అదే తల్లి అదే చోట ఉందో లేదో చూడండి. ఎనిమిది వారాలని అందరూ అంటారు గానీ చిన్న జాతులకి పది వారాలు నిండాల్సిందే, నేను పన్నెండు దాకా ఆగమంటాను. తెచ్చేరోజు అక్కడ తింటున్న తిండే నాలుగు రోజులకి సరిపడా అడగండి, తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడగండి. మొదటి రాత్రి ఏడుస్తుంది, ఆ గుడ్డలో చుట్టి మీ మంచం పక్కనే పడుకోబెట్టండి, మర్నాడు వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి.