500 కిలోల లేయర్ దాణాలో 50 గ్రాముల ఫైటేజ్ కలపడం ఎలా?

బెంగళూరు చుట్టుపక్కల హోసకోటె, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు రెండు మూడు వేల గుడ్ల కోళ్లు పెట్టుకుని దాణా సొంతంగా కలుపుకునేవాళ్లు చాలామంది ఒకే చోట తప్పుతారు. మొక్కజొన్న మంచిదే కొంటారు. సోయా తూకం సరిగ్గానే వేస్తారు. చివర్లో ఫైటేజ్, అంటే గింజల్లోని ఫాస్ఫరస్ కోడికి అందేలా చేసే ఎంజైమ్, ఆ ప్యాకెట్ మూల కత్తిరించి, తిరుగుతున్న మిక్సర్‌లో ఒకేచోట ఒంపేసి, చేతులు దులుపుకుంటారు. మూడు వారాలకు పెంకు గట్టిపడని తోలుగుడ్లు మొదలైతే ఎంజైమ్ కంపెనీని తిట్టుకుంటారు.

ముందు లెక్క చూడండి. లేయర్ కోడి రోజుకు తినేది సుమారు 110 గ్రాములు. 500 కిలోలకు 50 గ్రాములు వేస్తే, ఆ రోజు మేతలో దానికి దక్కాల్సింది 11 మిల్లీగ్రాముల పొడి. చిటికెలో పట్టే ఉప్పు కన్నా ఎంతో తక్కువ. అది ఏ రోజుకారోజు, ప్రతి కోడి తొట్టిలోకీ చేరాలి. సగటున చేరింది అంటే కుదరదు. నిన్న రెండింతలు తిన్న కోడికి ఇవాళ్టి లోటు తీరదు.

సరుకులు, 500 కిలోల బ్యాచ్‌కి: మొక్కజొన్న 283 కిలోలు, సోయా డీఓసీ (నూనె తీసిన సోయా చెక్క) 110, నూనె తీసిన తౌడు 25, పొద్దుతిరుగుడు చెక్క 25, గ్రిట్ (గరుకు సున్నపురాయి), సున్నపురాయి పొడి రెండూ కలిపి 47.5, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 4, ఉప్పు 1.5, వంటసోడా అర కిలో, మిథియోనిన్ 750 గ్రాములు, లైసిన్ 250, కోలిన్ క్లోరైడ్ 60 శాతంది 500, ట్రేస్ మినరల్స్ 500, విటమిన్ ప్రీమిక్స్ 250, బూజు విషాన్ని పట్టుకునే టాక్సిన్ బైండర్ 1 కిలో, తౌడు, చెక్కల్లోని పీచు కోసం వేసే ఎన్‌ఎస్‌పీ ఎంజైమ్ 200 గ్రాములు, ఫైటేజ్ 50 గ్రాములు. ప్రోటీన్ 17 శాతం పైచిలుకు, కాల్షియం 3.8 శాతం దగ్గర వస్తాయి. మీ జాతి కోడికీ, వయసుకీ తగ్గట్టు కొంచెం అటూ ఇటూ జరపండి. ప్రీమిక్స్, ఎన్‌ఎస్‌పీ ఎంజైమ్ మోతాదు మాత్రం ఏ కంపెనీదైతే ఆ ప్యాకెట్ మీద చూసుకోవాలి.

పనిముట్లు: గ్రైండర్, మిక్సర్, పెద్ద కాటా, 1 గ్రాము వరకు చూపించే వంటింటి కాటా, మూత గట్టిగా పట్టే 20 లీటర్ల బకెట్, పిండి జల్లెడ, మాస్కు. మాస్కు అలంకారానికి కాదు. ఎంజైమ్ పొడి రోజూ పీలిస్తే ఉబ్బసం లాంటి అలర్జీ పట్టుకోవచ్చు.

మొక్కజొన్న గురించి రెండే మాటలు. దావణగెరె, హావేరి వైపు నుంచి వచ్చే ముసుకిన జోళ (మొక్కజొన్నకు కన్నడ పేరు) వానాకాలంలో తేమతో దిగుతుంది. మీటర్‌లో 12 శాతం దాటితే నిల్వ పెట్టకండి. బస్తా విప్పగానే చేయి మోచేతి దాకా దూర్చి చూడండి. లోపల వెచ్చగా తగిలితే బూజు పని మొదలుపెట్టేసింది. నూకను జల్లించి పారేయండి, విషం ఎక్కువగా దాగేది విరిగిన గింజల్లోనే. అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషానికి భారతీయ ప్రమాణాల్లో కోళ్ల దాణాకు పెట్టిన హద్దు 20 పీపీబీ, అంటే టన్నుకు 20 మిల్లీగ్రాములు. కంటికి కనిపించే సంగతి కాదు. బైండర్ వేశాం కదా అని బూజు పట్టిన సరుకు కలిపేవాళ్లున్నారు. బైండర్ అఫ్లాటాక్సిన్‌ని కొంతవరకు పట్టుకుంటుంది. నోట్లో పుండ్లు తెచ్చే టీ-2 అనే మరో బూజు విషాన్ని మట్టి బైండర్లు దాదాపు పట్టుకోవు.

మొక్కజొన్నను గ్రైండర్లో 5 లేదా 6 మిల్లీమీటర్ల జల్లెడ వేసి ఆడించండి. గుడ్ల కోడికి పిండిలా కొట్టకూడదు. సున్నపురాయి మొత్తంలో మూడింట రెండొంతులు 2 నుంచి 4 మిల్లీమీటర్ల గరుకు గ్రిట్టే ఉండాలి. రాత్రి పెంకు తయారయ్యేటప్పుడు అది కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతుంది. పైగా మెత్తటి సున్నపు పొడి ఎక్కువైతే కాల్షియం ఫైటేట్‌ని పట్టుకుని బిగిస్తుంది, ఫైటేజ్‌కి పని దొరకదు.

డీసీపీ ఎందుకు 4 కిలోలే?

గింజల్లో, చెక్కల్లో ఉండే ఫాస్ఫరస్‌లో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో తాళం వేసి ఉంటుంది. కోడికి ఆ తాళం తీసే శక్తి చాలా తక్కువ. ఫైటేజ్ ఆ తాళంచెవి. కిలో దాణాకు 500 యూనిట్లు వేస్తే సుమారు 0.1 శాతం ఫాస్ఫరస్ విడుదలవుతుందని లెక్క. 500 కిలోలకు అర కిలో ఫాస్ఫరస్ అన్నమాట. డీసీపీలో ఫాస్ఫరస్ 18 శాతం కాబట్టి సుమారు 2.75 కిలోల డీసీపీకి సమానం. ఫైటేజ్ లేకపోతే 6.75 వేయాల్సిన చోట 4 వేస్తున్నాం.

డీసీపీ తగ్గించకుండా ఫైటేజ్ కూడా వేసేవాళ్లు దాన్ని టానిక్ అనుకుంటున్నారు. డబ్బు దండగ. ఇంకో రకం ఇంతకన్నా ప్రమాదం. ఫైటేజ్ ఇంత ఎనర్జీ ఇస్తుంది, ఎన్‌ఎస్‌పీ ఎంజైమ్ ఇంత ఇస్తుంది, ప్రోటీన్ అరిగించే ప్రోటియేజ్ ఇంకొంత అని మూడు కరపత్రాల అంకెలూ కూడి మొక్కజొన్నకీ సోయాకీ కోత పెడతారు. ఆ అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. ముగ్గురూ కోసేది ఒకే చేను. ఒక్క ఫైటేజ్‌కే, అదీ ఫాస్ఫరస్ వరకే కోత పెట్టండి.

ప్యాకెట్ మీద యూనిట్లు చూడకుండా గ్రాములు వేయకండి. పైన చెప్పిన 50 గ్రాములు, గ్రాముకి 5000 యూనిట్లున్న పొడికి. 2500ది అయితే 100 గ్రాములు, 10,000ది అయితే 25. గడువు తేదీ కూడా చూడండి. బెంగళూరు యశవంతపురం నుంచి తెచ్చి రేకుల షెడ్డులో వేసవంతా ఉంచిన ప్యాకెట్‌లో రాసినన్ని యూనిట్లు మిగలవు.

అసలు పని

తౌడు 25 కిలోలు విడిగా తీసిపెట్టండి. అందులోంచి ఏడు కిలోలు పిండి జల్లెడతో జల్లించండి. మెత్తటి పొడికి మెత్తటి తౌడే తోడు. కొందరు ఉప్పుతోనో సున్నపు పొడితోనో కలుపుతారు. వద్దు. అవి బరువు, ఎంజైమ్ తేలిక, మిక్సర్ తిరిగే కొద్దీ విడిపోతాయి.

ఫైటేజ్ 50 గ్రాములు తూచండి. దానికి 200 గ్రాముల జల్లించిన తౌడు చేర్చి చిన్న డబ్బాలో మూత పెట్టి రెండు నిమిషాలు బోర్లించి, తిప్పి, మళ్లీ బోర్లించండి. ఊపడం కాదు, బోర్లించడం. ఊపితే మెత్తనిది అడుక్కి దిగుతుంది. ఆ 250 గ్రాములకు కిలో తౌడు, దానికి ఇంకో ఐదు కిలోలు, ప్రతిసారీ అదే పద్ధతిలో 20 లీటర్ల బకెట్‌లో. తౌడు తేలిక కాబట్టి బకెట్ నిండినట్టు కనిపిస్తే రెండు దఫాలుగా చేయండి. మూడింట రెండొంతులకు మించి నింపితే లోపల పొడి కదలదు, బకెట్ ఒక్కటే కదులుతుంది. ఇప్పుడు ఆరు కిలోల పైన ప్రీబ్లెండ్ తయారైంది. అంత పరిమాణం ఉంటేనే మిక్సర్ దాన్ని పట్టించుకుంటుంది.

విటమిన్లు, ఎన్‌ఎస్‌పీ ఎంజైమ్, మిథియోనిన్, లైసిన్ మరో బకెట్‌లో, మిగిలిన తౌడులో కొంతతో ఇలాగే. ట్రేస్ మినరల్స్ మూడో దాంట్లో, అవి విటమిన్లతో కలవకూడదు. కోలిన్ క్లోరైడ్ ఎవరితోనూ కలపకండి. గాలిలో తేమ పీల్చి చెమ్మగిల్లుతుంది, పక్కనున్న విటమిన్లను తినేస్తుంది. దాన్ని నేరుగా మిక్సర్‌లోకే చల్లండి. ముందురోజు ప్రీబ్లెండ్ చేసి పెట్టుకోవడం కూడా ఇందుకే పనికిరాదు, ఏ బ్యాచ్‌కి ఆ బ్యాచ్.

మిక్సర్‌లో మొక్కజొన్న సగం, సోయా, తర్వాత ప్రీబ్లెండ్లు ఒక్కొక్కటే చేత్తో చల్లుతూ, ఆపైన మిగతా తౌడు, చెక్క, మిగతా మొక్కజొన్న. గ్రిట్ ఆఖర్న. నిలువు స్క్రూ మిక్సర్ అయితే చివరి సరుకు పడ్డాక 12 నుంచి 15 నిమిషాలు, అడ్డంగా ఉండే రిబ్బన్ మిక్సర్ అయితే 3 నుంచి 5. ఇంకా కాసేపు తిరగనీ అనకండి, బరువైన గ్రిట్ విడిపోతుంది. నిలువు మిక్సర్ అడుగున స్క్రూకి అందని గుంట ఒకటుంటుంది. మొదట దిగే 20 కిలోలు ఆ గుంటలో కలవకుండా నిలిచిన సరుకు. పట్టి, మళ్లీ పైనుంచి పోసి ఇంకో మూడు నిమిషాలు తిప్పండి. బస్తాలు కట్టేవాళ్లకు ఈ ఒక్క పని నేర్పితే చాలు. బిహారు, ఒడిశా పనివాళ్లు ఉన్నచోట తెలుగులోనో కన్నడలోనో చార్టు రాసి అంటించి లాభం లేదు. ప్రీబ్లెండ్ బకెట్లకు మూడు రంగులు పెట్టండి, మోతాదు మీరే తూచి ఇవ్వండి. 50కి బదులు 500 పడే తప్పు అక్కడే ఆగిపోతుంది.

మిక్సర్ మీద అనుమానముంటే ఒక బ్యాచ్‌లో కిలో రాగులు వేయండి. బస్తాలు కట్టేటప్పుడు పది చోట్ల నుంచి వంద గ్రాముల చొప్పున తీసి, తెల్ల కాగితం మీద పరిచి లెక్కపెట్టండి. ఒక్కో దాంట్లో 70, 80 గింజలు ఉండాలి. పది అటూ ఇటూ పరవాలేదు. ఒకదాంట్లో 30, ఇంకోదాంట్లో 150 వస్తే స్క్రూ అరిగింది, లేదా మిక్సర్‌ని మరీ నింపారు.

అదే మిక్సర్‌లో బ్రాయిలర్ దాణా కూడా కలిపేవాళ్లకు ఒక హెచ్చరిక. గోడలకు అంటుకున్న కాక్సిడియోసిస్ (కోళ్ల పేగు రోగం) మందు లేయర్ దాణాలోకి వస్తుంది. నైకార్బజిన్ అయితే గుడ్లు తగ్గుతాయి, గోధుమ రంగు పెంకు వెలిసిపోతుంది. సాలినోమైసిన్ అనే ఇలాంటి మరో మందు ఉన్న దాణా తింటున్న కోళ్లకు టియామ్యులిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. బ్రాయిలర్ దాణా అయ్యాక 25 కిలోల ఆడించిన మొక్కజొన్న తిప్పి దించి, దాన్ని బ్రాయిలర్లకే వాడండి. ఇక కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని 2019లోనే దేశమంతటా ఆహార జంతువులకు నిషేధించారు. ఎవరైనా వేయమంటే వినకండి.

కలిపిన దాణా వారం పది రోజుల్లో అయిపోవాలి. బస్తాలు చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. బెంగళూరు చలికాలం తెల్లవారుజామున రేకుల కింద చెమ్మ బొట్లు బొట్లుగా రాలుతుంది, పై వరస మీద పట్టా కప్పండి. ప్రతి బ్యాచ్ నుంచి అర కిలో తీసి, తేదీ, ఫైటేజ్ లాట్ నంబరు రాసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో రెండు నెలలు చల్లని చోట ఉంచండి. పెంకు పల్చబడితే ముందు ఆ డబ్బా తెరవాలి. డాక్టరు దగ్గరికి ఆ తర్వాత వెళ్లొచ్చు.