ఇంటి వర్క్‌షాప్‌లో వెలుతురు: సమస్యలు - పరిష్కారాలు

ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని పని చేసుకునేవారు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. ఒకచోట బోరు మోటార్ల వైండింగ్, ఒకచోట వడ్రంగం, మరోచోట బైకు రిపేరు. పుట్టపాక, గట్టుప్పల్ వంటి ఊళ్లలో ఆ గదిలో మగ్గం ఉంటుంది. వెలుతురు చాలడం లేదనిపిస్తే చాలామంది ఉన్న బల్బు తీసి ఎక్కువ వాట్ల బల్బు పెడతారు. దానివల్ల తరచూ ఫలితం ఉండదు. లోపం లైటు వేలాడుతున్న చోటులోనో, గోడ రంగులోనో, తీగ మందంలోనో ఉంటుంది. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఇబ్బంది ఏ రూపంలో ఉందో గమనించండి. మందు దాన్నిబట్టే ఉంటుంది.

స్విచ్‌బోర్డు విప్పే ఏ పనికైనా ముందు మెయిన్ ఆపాలి, ఆపాక కూడా టెస్టర్‌తో చూసుకోవాలి. తీగలు మార్చే పని తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

లైటు బాగానే వెలుగుతోంది, పని మీద మాత్రం నీడ పడుతోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే. షెడ్డు నడిమధ్య దూలానికి ఒక్క లైటు ఉంటుంది, బెంచీ గోడకు ఆనుకుని ఉంటుంది. మనిషి గోడవైపు తిరిగి నిలబడగానే లైటు వీపు వెనక్కి వెళుతుంది. తల, భుజాల నీడ సరిగ్గా చేతుల మీద పడుతుంది. అక్కడ ఇరవై వాట్లు తీసి నలభై వాట్లు పెడితే నీడ ఇంకా నల్లబడుతుంది, అంతే.

నిర్ధారించుకోవడం తేలిక. బెంచీ మీద ఒక పెన్సిల్ నిలబెట్టండి. నీడ గోడవైపు పడితే లైటు మీ వెనక ఉన్నట్టు. నీడ ఒక్కటే ఉండి, అంచులు కోసినట్టు కనిపిస్తే వెలుతురు ఒకే చోటు నుంచి వస్తున్నట్టు. పలచటి నీడలు రెండు మూడు వేర్వేరు దిక్కులకు పడుతుంటే అమరిక బాగుంది.

పరిష్కారం: నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబు లైటును బెంచీకి సమాంతరంగా, బెంచీ ముందు అంచుకు సరిగ్గా పైన లేదా కాస్త గోడవైపుకు జరిపి బిగించండి. వంగి పని చేసినా మీ తల లైటుకు వెనకే ఉండాలి. నేల నుంచి ఆరున్నర, ఏడడుగుల ఎత్తు సరిపోతుంది. కుడిచేతి వాటం వారైతే ఎడమ వైపు నుంచి మరో చిన్న లైటు రావాలి. అప్పుడు సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టిన చేయి నీడ గీత మీద పడదు.

గుంట మగ్గానికి ఇదే సూత్రం కొంచెం మారుతుంది. నేత పనివారు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటారు కనుక కన్ను కిందికి ఉంటుంది. లైటు వెనక ఉంటే గుడ్డ మీద తల నీడ పడుతుంది, ముందు తెరిచి ఉంచితే నేరుగా కంట్లో కొడుతుంది. పేక (అడ్డు నూలు) వచ్చి చేరే చోటుకు పైన, మగ్గానికి అడ్డంగా, పాలరంగు మూత ఉన్న ట్యూబును కట్టి, కంటివైపు అంచుకు చిన్న రేకు మరుగు పెట్టాలి. మరుగు ఖర్చు ఏమీ కాదు, సాయంత్రానికి కళ్లు మండకుండా ఉండటానికి అదే ముఖ్యం.

మోటారు వైండింగ్ చేసేవారికి పైనున్న లైటు ఎంత ఉన్నా చాలదు. స్టేటర్ (మోటారులో తిరగని బయటి భాగం) గాడిలోకి వెలుతురు దిగాలంటే మెడ వంచగలిగే చిన్న లైటు పక్కనే ఉండాలి.

ఎన్ని లైట్లు పెట్టినా గది మసకగానే ఉంది

ముందు లెక్క చూడండి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు షెడ్డు అంటే 120 చదరపు అడుగులు, దాదాపు 11 చదరపు మీటర్లు. మామూలు పనికి చదరపు మీటరుకు 300 ల్యూమెన్ల (లైటు ఇచ్చే వెలుతురుకు కొలత) వెలుతురు, అంటే 300 లక్స్, ఉండాలి. సన్నని పని చేసే బెంచీ మీద 500 నుంచి 750 కావాలి. 11ను 300తో హెచ్చిస్తే 3,300 ల్యూమెన్లు. అయితే లైటు నుంచి బయలుదేరిన వెలుతురంతా పని మీదికి రాదు. గోడలు, దుమ్ము కలిసి సగం దాకా మింగేస్తాయి. కాబట్టి లైట్ల మొత్తం 6,500 ల్యూమెన్ల దగ్గర ఉండాలి. 20 వాట్ల మంచి ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే మూడు, గోడలు నల్లగా ఉంటే నాలుగు. అట్టపెట్టె మీద వాట్లతో పాటు ల్యూమెన్ల అంకె కూడా ఉంటుంది, కొనేటప్పుడు చూడాల్సింది దాన్నే. అది రాయని సరుకు వద్దు.

లెక్క ప్రకారం లైట్లున్నా మసకగా ఉంటే గోడల వైపు చూడండి. తెల్లటి గోడ తన మీద పడిన వెలుతురులో నాలుగింట మూడు వంతులు వెనక్కి పంపుతుంది. పొగచూరిన గోడ, పూత లేని సిమెంటు గోడ, తుప్పు పట్టిన రేకు చాలా తక్కువ పంపుతాయి. రెండు చేతులు సున్నం కొట్టండి, రేకుల అడుగు భాగానికి తెల్ల పెయింటు వేయండి. ఒక లైటు ధరకే గది మొత్తం మారుతుంది. నా దృష్టిలో షెడ్డు వెలుతురుకు ఇంతకంటే లాభసాటి ఖర్చు లేదు. పగటి పనికి ఉత్తరం వాలులో ఒకటి రెండు ఫైబర్ రేకులు వేసుకోవచ్చు. దక్షిణం, పడమర వాలుల్లో వేస్తే వెలుతురుతో పాటు ఎండ కూడా నెత్తిమీదికి వస్తుంది.

లైటు కింద ఒక రంగు, బయట ఇంకో రంగు

రంగుతో పని చేసేవారికి ఇది డబ్బు నష్టం తెచ్చే సమస్య. పోచంపల్లి, పుట్టపాకల్లో చిటికి కట్టి (నూలుకు అక్కడక్కడ ముడులు బిగించి) రంగు అద్దేవారికి, గద్వాల, నారాయణపేట చీరల అంచులకు పట్టు ఎంచేవారికి ఇది బాగా తెలుసు. రెండు విడతలుగా అద్దిన ఎర్ర నూలు చిలపలు రాత్రి లైటు కింద ఒకేలా కనిపిస్తాయి. పొద్దున వాకిట్లోకి తెస్తే ఒకటి కుంకుమ రంగు, ఒకటి ఇటుక రంగు.

కారణం ఇది. సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. చవక ఎల్‌ఈడీలో నీలం ఎక్కువ, ముదురు ఎరుపు బాగా తక్కువ. లైటులో లేని రంగును వస్తువు చూపించలేదు. ఈ గుణాన్ని సీఆర్ఐ అనే అంకెతో చెబుతారు, గరిష్ఠం 100. మామూలు బల్బులు 80 దగ్గర ఉంటాయి. రంగు పనికి 90 పైన ఉండాలి, ఎరుపుకు విడిగా ఇచ్చే ఆర్9 అంకె కూడా 50 దాటి ఉంటే మంచిది.

చాలామంది దీన్ని తెలుపు, పసుపు లైట్ల తేడాతో కలిపేసుకుంటారు. అది వేరే విషయం. లైటు ఛాయను కెల్విన్ అనే కొలతతో చెబుతారు. 6,500 కెల్విన్ లైటు నీలంగా, 3,000 లైటు పసుపుగా కనిపిస్తుంది. రెండింటిలోనూ సీఆర్ఐ మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. రంగు చూసే బల్ల మీద 5,000 కెల్విన్, సీఆర్ఐ 90 లైటు పెట్టండి. ఆ బల్ల దగ్గర పసుపు బల్బు మరొకటి వెలగనీయకండి. ఇంత చేసినా చివరి నిర్ణయం మాత్రం పగటిపూట, నేరుగా ఎండ తగలని నీడపట్టున తీసుకోవాలి. తలుపుకు పాలిష్ కలిపేవారికి, బండికి పెయింటు అతుకు వేసేవారికి కూడా ఇదే మాట.

తిరుగుతున్న యంత్రం ఆగినట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో కనిపిస్తోంది

దీన్ని తేలికగా తీసుకోకండి. చేయి పెట్టే ప్రమాదం ఉంది.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. చవక డ్రైవర్ (లైటుకు కరెంటును మార్చి ఇచ్చే చిన్న సర్క్యూట్) ఉన్న ఎల్‌ఈడీ దానితో పాటు, ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు చొప్పున, సెకనుకు 100 సార్లు మసకబారి వెలుగుతుంది. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. దాని పుల్లీకి నాలుగు ఆకులుంటే ఒక చోటును సెకనుకు 96 ఆకులు దాటుతాయి. 100 మెరుపులు, 96 ఆకులు. ప్రతి మెరుపుకూ తర్వాతి ఆకు పాత ఆకు చోటుకు కాస్త వెనకే ఉంటుంది. కంటికి పుల్లీ నింపాదిగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి పూర్తి వేగంతో ఉంటుంది.

ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి లైటును చూడండి. తెర మీద నల్లటి పట్టీలు పాకుతుంటే లైటు మిణుకుతున్నట్టే. డ్రిల్లు, గ్రైండర్, లేత్ ఉన్న చోట ఆ లైటును తీసేసి, కరెంటును నిలకడగా ఇచ్చే డ్రైవర్ ఉన్నది పెట్టండి. దుకాణంలోనే వెలిగించి ఫోనుతో పరీక్షించి కొనండి. కొత్తది దొరికేలోపు యంత్రం పక్కన పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి వెలిగించండి. దాని తీగ అంత త్వరగా చల్లారదు కనుక మిణుకు బాగా తక్కువ.

మోటారు వేయగానే లైట్లు మసకబారుతున్నాయి

ఇంటి నుంచి షెడ్డుకు సన్నని తీగ లాగి, దాని మీదే లైట్లు, యంత్రాలు అన్నీ నడిపితే ఇలా అవుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 30 మీటర్ల దూరానికి, పోను రాను కలిపి, దాదాపు ఒక ఓము నిరోధం. ఒక హార్స్‌పవర్ మోటారు లేచే క్షణంలో 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే 30 వోల్టులు తీగలోనే పోతాయి. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది ఎనిమిది వోల్టులే. యంత్రాలకు ఆ మందం తీగ విడిగా లాగండి. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, సొంత ఆరు ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్). యంత్రం వల్ల ఫ్యూజు పోయినా గది చీకటి కాకూడదు. తిరుగుతున్న బ్లేడు ముందు చీకట్లో నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

ఒక గదిలో లైట్లు మసకబారి, అదే సమయంలో మరో గదిలో ఎప్పుడూ లేనంత మెరుస్తుంటే కారణం వేరు. త్రీ ఫేజ్ కనెక్షన్‌లో న్యూట్రల్ వదులైంది లేదా తెగింది. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోను చేయండి. ఆలస్యమైతే టీవీ, ఫ్రిజ్ అన్నీ కాలిపోతాయి.

స్విచ్ ఆపినా లైటు సన్నగా వెలుగుతోంది

స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్ మీద ఉంది. లేదా స్విచ్‌లోని ఎర్ర ఇండికేటర్ నుంచి కొద్ది కరెంటు పోతోంది. రెండోది హాని చేయదు. మొదటిదైతే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది, బల్బు మార్చేవారికి షాకు తగులుతుంది. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌ను స్విచ్‌కు మార్పించండి.

ఎండాకాలంలో లైట్లు వరుసగా పోతున్నాయి

మే నెలలో బయట 44, 45 డిగ్రీలుంటే రేకుకు ఆనుకున్న గాలి అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఎల్‌ఈడీలో ముందు పోయేది దీపం భాగం కాదు, డ్రైవర్‌లోని కెపాసిటర్. ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. లైటును రేకుకు బిగించకుండా గొలుసుతో అడుగున్నర కిందికి వేలాడదీయండి. మూసేసిన గాజు బుడ్డిలో మామూలు బల్బు పెట్టకండి. వానాకాలపు పిడుగులకు పోతుంటే మెయిన్ దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. అది పని చేయాలంటే ఎర్తు సరిగా ఉండాలి.

లైటు పట్టీని తాకితే చిమచిమలాడుతోంది

అల్యూమినియం పట్టీకి ఎర్తు తీగ కలపలేదు, లేదా కలిపినా ఎర్తు గుంత ఎండిపోయింది. మన చెలక నేలలో మూడు నాలుగు అడుగులు తవ్వగానే రాయి తగలడం మామూలే, ఎండాకాలంలో ఆ గుంతలో తడి ఉండదు. ఎర్తు నిజంగా పని చేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. వేసవిలో గుంతలో వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి. బోర్డులో, లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, దాని మీదున్న పరీక్ష మీటను నెలకోసారి నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే దాన్ని ఆ రోజే మార్పించండి, అంతవరకు ఆ షెడ్డులో యంత్రం వేయకండి.