పిస్టల్ రోజూ నడుముకు కట్టుకోవాలా? బయల్దేరే ముందు చూసుకోవలసినవి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. లైసెన్సు ఒడిశా వరకే చెల్లేదైతే మాత్రం ఆ ఎల్ల దాటగానే నడుమునున్న ఆయుధమే నేరమవుతుంది. కాబట్టి ముందు లైసెన్సులో ఏ ప్రాంతం వరకు రాశారో, గడువెప్పుడో చూడండి. ఎన్నికలప్పుడు జమ చేయమంటే జమ చేసి రసీదు తీసుకోండి.

రోజూ అవసరమా అన్నది భయాన్ని బట్టి కాదు, ఆ రోజు వెళ్లే చోటును బట్టి తేల్చుకోవాలి. మందు తాగే రోజు, జాతర తోపులాటకు వెళ్లే రోజు అసలొద్దు. పెళ్లి ఊరేగింపులో సరదాకి పేల్చి ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో పెడితే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అసలు ప్రమాదం తూటాలు నింపడం, తీయడంలో ఉంది. మూతి మనిషి లేని వైపు, వేలు ట్రిగ్గర్ బయట. ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయాలి, తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగి ఛాంబర్ (పేలబోయే తూటా కూర్చునే గది) కంటితోనూ వేలితోనూ చూడాలి. వరస తారుమారైతే స్లైడ్ లాగినప్పుడు పైతూటా మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. ఖాళీ అనుకున్నది పేలుతుంది.

అదే తూటాను పదేపదే ఎక్కిస్తే దాని కొసనున్న గుండు ఇత్తడి గొట్టంలోకి కుంగి, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా ఉంటే వాడొద్దు.

ఒర ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, చొక్కా ఒరను కప్పాలి. వానాకాలం తోలు ఒరలో తూటాలు వదిలేస్తే ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది.