క్లాసులో శిల్పాల ఫొటోలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

పిల్లలమర్రి అని వెతికితే మర్రిచెట్టు వస్తోంది

నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో శిల్పకళ చెప్పేవాళ్లకు తరచూ ఎదురయ్యే తలనొప్పి ఇది. మీకు కావాల్సింది సూర్యాపేట దగ్గరి కాకతీయుల కాలపు ఎరకేశ్వరాలయం. తెర మీదకొచ్చేది మహబూబ్‌నగర్ మర్రి. రెండు చోట్లకూ పేరు ఒకటే మరి. నల్లగొండ పక్కనున్న పానగల్లుదీ అదే కథ, అక్కడి సోమేశ్వరాలయాల కోసం వెతికితే వనపర్తి వైపు పానగల్ కోట వచ్చి కలుస్తుంది. అందుకే ఊరు పక్కనపెట్టి గుడి పేరుతో వెతకండి: ఎరకేశ్వర, పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర. ఇంగ్లిషు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. అప్పటికీ దొరక్కపోతే పాత జిల్లా పేరు కలపండి. 2016కు ముందు రాసిన కేటలాగుల్లో అలంపురం మహబూబ్‌నగర్ కింద, ఫణిగిరి నల్లగొండ కింద ఉంటాయి.

ఫోన్‌లో బాగుంది, ప్రొజెక్టర్ మీద మసక

సెర్చ్‌లో కనిపించిన చిన్న బొమ్మనే సేవ్ చేసి ఉంటారు. మ్యూజియం సొంత పేజీకి వెళ్లి పెద్ద ఫైలు దించుకోండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, కాపీరైట్ లేని వస్తువుల ఫొటోలను ఉచితంగా ఇస్తోంది. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గానే పంపండి, లేదంటే కుదించేస్తుంది.

సైజు అందడం లేదు

మొహెంజొదారో నర్తకి కంచు బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు, శ్రావణబెళగొళ గోమటేశ్వరుడు 57 అడుగులు. తెర మీద ఇద్దరూ సమానమే! స్లైడు మీద కొలత రాస్తే సరిపోదు. నర్తకిని బోర్డు మీద అసలు సైజులో గీసి చూపించండి, గోమటేశ్వరుడి కోసం పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి 57 అడుగులు టేపుతో కొలిపించండి.

“అన్ని గుళ్లూ ఒకేలా ఉన్నాయి సార్”

తప్పు పిల్లలది కాదు. స్లైడు తర్వాత స్లైడు వేస్తే రెండోది వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో స్వర్గ బ్రహ్మను, తారక బ్రహ్మను ఒకే స్లైడులో పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే వైపు నుంచి తీసినవై ఉండాలి. శిఖరాలు మాత్రమే చూడమనండి. స్వర్గ బ్రహ్మది వంపు తిరిగి పైకి లేచే రేఖానాగర శిఖరం, తారక బ్రహ్మది ఆ తీరు కాదు. తేడా వాళ్లే చెప్పేదాకా మీరు నోరు విప్పకండి. కష్టమే, కానీ పనిచేస్తుంది.

ఛాయా సోమేశ్వరం నీడను నమ్మడం లేదు

గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడ అది. ఒక్క ఫొటోలో చూస్తే గోడ మీద నల్లటి చార, అంతే. కదలకపోవడం ఒక్క బొమ్మలో ఎలా తెలుస్తుంది? ఇలాంటిదాన్ని ఆన్‌లైన్‌లో వెతకడం దండగ. పానగల్లు నల్లగొండను ఆనుకునే ఉంది. అనుమతి అడిగి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోట నిలబడి మీరే తీయండి. ఫైలు పేరులోనే టైమ్ రాసుకోండి, లేకపోతే ఏది ఎప్పటిదో మీకే తెలియదు.