కాగితం మీద విటర్బి: మూడు బిట్లు చేతితో లెక్కేద్దాం

బెంజి సర్కిల్ దగ్గర నిలబడ్డ ఫోన్‌కి సిగ్నల్ నేరుగా ఒకటి, మేడలకి తగిలి ఇంకొకటి వస్తుంది. ఆ రెండో దారి ప్రకాశం బ్యారేజీ పొడవంత, అంటే సుమారు 1.2 కిలోమీటర్లు ఎక్కువైతే 4 మైక్రోసెకన్లు లేటు. జీఎస్ఎం (2జీ మొబైల్)లో ఒక్కో సింబల్, అంటే ఒక్కో బిట్, నిడివే దాదాపు 3.69 మైక్రోసెకన్లు, అందుకే పాత బిట్ వచ్చి కొత్త బిట్ మీద పడుతుంది. ఐఎస్ఐ (ఇంటర్ సింబల్ ఇంటర్‌ఫియరెన్స్) అంటే ఇదే.

ఛానల్ (సిగ్నల్ వచ్చే దారి) చేసిన మార్పుని తిరగేసే జీరో ఫోర్సింగ్ చాలు కదా అంటారు. ట్యాపులు (కొత్త బిట్, దాని మీద పడే పాత బిట్ ఎంతెంత బలంగా అందుతాయో ఆ అంకెలు) 1, 0.9 అయితే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ 0.1కి పడిపోతుంది, తిరగేస్తే అక్కడి నాయిస్ కూడా 10 రెట్లు లేస్తుంది. అందుకే ఐఎస్ఐని చెరిపేసే బదులు దాన్నే ఆధారంగా వాడుకోవడం నయం. అందినదానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే బిట్ల వరుసని వెతికే విటర్బి అల్గారిథం 1967లో వస్తే, ఐఎస్ఐ ఛానల్‌కి దాన్ని 1972లో ఫోర్నీ పట్టుకొచ్చాడు.

ఇక పెన్ను తీయండి. ట్యాపులు 1, 0.5, బిట్లు +1 లేదా -1, అంతకుముందు బిట్ +1 అని తెలుసు. అందినవి 1.3, 0.1, -1.6. గుర్తు చూసి తేల్చేస్తే +, +, - వస్తుంది.

ముందు నాలుగు అవుట్‌పుట్లు రాసుకోండి: పాతది +, కొత్తది + అయితే 1.5; -, + అయితే 0.5, +, - అయితే -0.5, -, - అయితే -1.5. అందినదానికీ వీటికీ తేడా వర్గమే ఖర్చు. మొదటి అడుగులో + కి 0.04, - కి 3.24. రెండో అడుగులో ఒక్కో గుర్తుకీ రెండేసి దారులు వస్తాయి, చవకైనది ఉంచి రెండోది కొట్టేయాలి: + కి 2.00, 3.40 లో 2.00, - కి 0.40, 5.80 లో 0.40. ఏ దారి మిగిలిందో అక్కడే బాణం గీయండి, పరీక్షలో చాలామంది ఇదే మర్చిపోయి చివర్లో టెన్షన్ పడతారు. మూడో అడుగులో + కి 4.81, - కి 0.41. చిన్నదాని నుంచి బాణాలు పట్టుకుని వెనక్కి వెళ్తే +, -, -. గుర్తు చూసి + అనుకున్న రెండో బిట్ నిజానికి -, ఆ సంగతి రెండో అడుగులోనే 0.40 చెప్పింది, మూడో సాంపిల్ ఖాయం చేసింది.

అసలు రిసీవర్‌కి ట్యాపులు ఎవరూ ముందే చెప్పరు. జీఎస్ఎం మామూలు బర్స్ట్ (ఒక విడతలో పంపే బిట్లు) మధ్యలో పంపే 26 బిట్ల ట్రైనింగ్ సీక్వెన్స్‌తో అది తనే అంచనా వేసుకుంటుంది. మెమరీ, అంటే కొత్త బిట్ మీద పడే పాత బిట్లు, 4 బిట్లైతే 16 స్టేట్లు (పాత బిట్ల కలయికలు), 10 అయితే 1024, అంత భారం వద్దనుకుంటే డీఎఫ్ఈ (డెసిషన్ ఫీడ్‌బ్యాక్ ఈక్వలైజర్, తేల్చేసిన బిట్ల ప్రభావాన్ని తర్వాతి సాంపిల్ నుంచి తీసేసేది) వాడండి, కాకపోతే అందులో ఒక బిట్ తప్పితే ఆ తప్పు తర్వాతి వాటికీ పాకుతుంది.