ఎప్పుడూ ఒక పక్క పట్టీయే తెగుతుంది

బ్యాగులు కుట్టడం, బాగుచేయడం నా పని. స్కూలు బ్యాగుల్లో ఎక్కువగా వచ్చే రిపేరు ఒకటే. ఒక పక్క పట్టీ మొదట్లో కుట్టు ఊడి, దారాలు పీచులా వేలాడుతుంటాయి. రెండో పక్క పట్టీ కొత్తదానిలా ఉంటుంది. ఆ పిల్లాడు బ్యాగును ఒకే భుజానికి తగిలించుకుంటున్నాడని అడగకుండానే తెలిసిపోతుంది. పట్టీ అయితే కుట్టి ఇస్తాను, భుజానికి కుట్టు వేయలేను కదా!

ఇంత తెలిసీ మా అమ్మాయి విషయంలో నేనే పొరపాటు చేశాను. ఎదిగే పిల్ల, నాలుగేళ్లు వస్తుందిలే అని పెద్ద బ్యాగు తీసుకున్నాను. అది పిరుదుల కిందికి వేలాడుతూ అడుగడుక్కీ వెనక నుంచి తన్నేది. దాన్ని ఆపుకోవడానికి పిల్ల గడ్డం ముందుకు చాపి, వంగి నడిచేది. పట్టీలు బిగిస్తే బ్యాగు పైఅంచు తలకి తగిలేది. వారం తిరక్కుండా పక్కన పడేశాం.

బట్టలకి చెల్లే లెక్క బ్యాగుకి చెల్లదు. ఇప్పటి వీపుకి సరిపోయేదే కొనాలి. వెడల్పు పిల్లల భుజాల కంటే ఎక్కువ ఉండకూడదు. తగిలించుకున్నాక అడుగు భాగం నడుము దగ్గర ఆగాలి. మరీ కిందికి దిగినా నడుముకి నాలుగంగుళాలు దాటకూడదు. ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది, అందుకే కొనేముందు నాలుగు పుస్తకాలు వేసి, పిల్లల చేత తగిలింపించి, పది అడుగులు నడిపించి చూడండి.

బొమ్మలు, రంగులు పిల్లలకి వదిలేయండి. మీరు బ్యాగు తిరగేసి లోపలి కుట్లు చూడండి. పట్టీ మొదలు ఒక్క వరస కుట్టుతో ఉంటే ఎక్కువకాలం ఆగదు. చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్లు వేసినది బరువు మోస్తుంది. పట్టీ రెండంగుళాలైనా వెడల్పుండాలి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే, స్పాంజి అణిగి వేళ్లు కలిసిపోయేలా ఉంటే వద్దు. బరువు పెరిగితే అలాంటి పట్టీ తాడులా భుజంలోకి దిగుతుంది. వీపు వైపు కూడా మెత్త ఉంటే పుస్తకాల మూలలు గుచ్చుకోవు. నడుము బెల్టు ఉంటే మంచిదే, కొంత బరువు భుజాల మీంచి తుంటికి దిగుతుంది. చక్రాల బ్యాగులు మెట్లు లేని చోట బాగుంటాయి. మెట్లుంటే మాత్రం ఆ చక్రాల బరువు కూడా పిల్లలే ఎత్తాలి.

ఇక బరువు. పిల్లల బరువులో పదో వంతు దాటకుండా చూసుకోమంటారు డాక్టర్లు. 20 కిలోల పిల్లకి 2 కిలోలు, 30 కిలోల వాడికి 3. ఇందులో ఖాళీ బ్యాగు బరువు కూడా కలిసే ఉంటుంది. లీటరు నీళ్లంటేనే ఒక కిలో! స్కూల్లో మంచినీళ్లు దొరికితే సగం బాటిల్ చాలు. తూచడం సులువు. బ్యాగుతో ఒకసారి, లేకుండా ఒకసారి మీరే మిషన్ ఎక్కి తేడా చూసుకోండి.

ఒకసారి ఒకావిడ కొడుకు బ్యాగు తెచ్చి, జిప్పు నిలబడట్లేదు, మార్చమన్నారు. బల్ల మీద బోర్లిస్తే పోయినేడాది నోట్సులు రెండు, తడి గొడుగు, మూడు పెన్సిల్ బాక్సులు, గుప్పెడు గులకరాళ్లు రాలాయి. అవి తీసేస్తే జిప్పు మెత్తగా పడింది. నాకు పని పోయింది. వారానికోసారి అలా బోర్లించండి, పిల్లల ఎదురుగానే. గులకరాళ్లకి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి, అడిగి తీయండి.

సర్దేటప్పుడు బరువైన పుస్తకాలు వీపుకి ఆనుకునే అరలో పెట్టాలి. అవి ముందు అరలో ఉంటే బ్యాగు వెనక్కి లాగుతుంది, పిల్లలు ముందుకు వంగుతారు. తగిలించుకునేటప్పుడు కుర్చీ మీద పెట్టి, వెనక్కి తిరిగి రెండు చేతులూ దూర్చి, పట్టీలు బిగించాలి. నేల మీంచి ఎత్తాల్సి వస్తే మోకాళ్లు వంచి, రెండు చేతులతో ఎత్తాలి. ఒక చేత్తో లాగి విసురుగా భుజానికి వేసుకోవద్దని చెప్పండి.

బిగించాక మిగిలి వేలాడే పట్టీ కొసల్ని చాలామంది పట్టించుకోరు. నాకు అసలు టెన్షన్ వాటితోనే. బస్సు తలుపులో, సైకిల్ చక్రంలో చిక్కుకునేవి అవే. చుట్టి రబ్బరు బ్యాండు వేసినా చాలు. జారుడుబల్ల, ఊయల ఎక్కేముందు బ్యాగు తీసేయాల్సిందే. ఛాతీ పట్టీ ఉంటే మెడ దగ్గరికి జరక్కుండా చూడండి.

స్కూలు బ్యాగు వల్ల వెన్నెముక పక్కకి వంకర తిరిగి స్కోలియోసిస్ వస్తుందని కొందరు భయపెడతారు. దానికి ఆధారం లేదు. కానీ నొప్పి అబద్ధం కాదు. స్నానం చేయించేటప్పుడు భుజాల మీద ఎర్రటి గాట్లు కనిపిస్తే బరువు తగ్గించి, పట్టీలు సరిచేయండి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నా, వీపు నొప్పి తగ్గకపోయినా డాక్టరుకి చూపించండి.

పట్టీ తెగితే కుట్టించడానికి బ్యాగొక్కటే పంపకండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. తెగింది ఒకటే అయినా, రెండు పట్టీలూ వీపు మీద పెట్టి సమానంగా కొలిచాకే కుట్టమనండి.